జానపద నవలా రచయిత: పేరూ, కూలీ

నూజివీడు పేరు పెట్టుకున్న రైలు స్టేషను నూజివీడులో లేదు. ఆ పేరు నమ్మి దిగిన కొత్తమనిషి తేలేది హనుమాన్ జంక్షన్ దగ్గర. మద్రాసు-కలకత్తా రోడ్డును నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ వచ్చి కలుసుకునే చోటది. మా బాపులపాడు మండలం. నూజివీడు పోవలసినవాడు అక్కడ ఇంకో బండి వెతుక్కోవలసిందే. బెజవాడనుంచి వాల్తేరు పోయే ఈ రైలుదారి మా మామిడిపండ్లనే కాదు, ఒకప్పుడు తెలుగు నవలను కూడా మోసింది. అణాలలో వెల వుండే చిన్న చిన్న నవలలు స్టేషన్లలో కొని, దిగే వూరు వచ్చేలోగా చదివి, పక్కవాడి చేతిలో పెట్టి దిగిపోయేవారట. వాటికి మన విమర్శకులు “రైలు నవలలు” అని పేరుపెట్టి, ఆ పేరుతోనే వాటి సంగతి తేల్చివేశారు.

తేల్చివేసిన వాటిలో ఒక పెద్ద వాటా జానపద నవలలది. ఇక్కడ జానపదమంటే పల్లెపాటలూ, పదాలూ కాదు. మాంత్రికులు, మాయాద్వీపాలు, పాతాళ గృహాలు, మాట్లాడే పక్షులు, రాజ్యం పోగొట్టుకున్న యువరాజులు వుండే కల్పిత కథలు. వీటిని కోట్లమంది తెలుగువాళ్లు చదివారు, లేక చదివించుకుని విన్నారు. వీటిని వ్రాసినవాడు ఎలా బ్రతికాడు, పేజీకి ఏమి పుచ్చుకున్నాడు, అతని పేరు ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు అన్న ప్రశ్నలు మనం వేయలేదు. శ్రమను గురించి ఇంత మాట్లాడే మనం ఈ శ్రమను ఎందుకు చూడలేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మామిడితోటల సంగతి తెలిసినవారికి ఈ రచయిత స్థితి చప్పున అర్థమవుతుంది. మా ప్రాంతంలో చాలామంది తోట రైతులు కాయ కోసి అమ్ముకోరు. పుష్యమాఘాలలో చెట్టు పూత మీద వుండగానే వ్యాపారి వచ్చి చూసి, ఇంత అని ధర కట్టి, తోటను గుత్తకు తీసుకుంటాడు. ఆపైన మంచుకు పూత మాడినా, గాలికి పిందె రాలినా నష్టం వ్యాపారిదే అంటారు. నిజమే. కాని కాపు విరగకాసి, చిన్నరసాలు బుట్టల్లో పట్టక, ధర పెరిగిన ఏడు కూడా రైతుకు వచ్చేది పూత నాటి ధరే. అప్పు వున్న రైతు పూత మీద అమ్మక తప్పదు. అప్పు లేనివాడు కాయదాకా ఆగగలడు. జానపద నవలా రచయిత పూత మీద అమ్ముకున్న రైతు.

ఇందుకు కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారిని మించిన వుదాహరణ లేదు. 1912లో తణుకులో పుట్టారు. 1975లో ద్రాక్షారామంలో పోయారు. వెయ్యిన్నొక్క నవలలు వ్రాసినవాడని ఆయనను గురించి చెప్పుకుంటారు. “పల్లెపడుచు” మొదలుకొని సాంఘికాలూ, “జగజ్జాణ” వంటి జానపదాలూ అన్నీ ఆ లెక్కలో వున్నాయి. ఈ సంఖ్యను మనవాళ్లు సాధారణంగా వింతగానో, వేళాకోళంగానో చెబుతారు. దీన్ని కూలిలెక్కగా ఒకసారి చూద్దాం. 1935 ప్రాంతాన మొదలుపెట్టి కన్నుమూసేదాకా నలభై ఏళ్లనుకుంటే, నాలుగువందల ఎనభై నెలలు. అంటే నెలకు రెండు నవలలు; ఒక్క నెల కూడా జ్వరం రాకుండా, పెళ్లికో చావుకో వూరు పోకుండా. చిన్న పుస్తకాలే కావచ్చు. అయినా ఏ మనిషీ సరదాకు అంత వ్రాయడు. నవల వెల అణాలలో వున్నప్పుడు రచయితకు దక్కేదీ ఆ అణాలలోనిదే కనుక, పొయ్యి వెలగాలంటే ఇంకొకటి వ్రాయాలి. ఇది మగ్గం మీద గజాల లెక్కన నేసేవాడి పద్ధతి. కళ గురించి నీతులు చెప్పేముందు ఈ లెక్క కట్టి వుండవలసింది.

ఆయనతో జోడుగా వినబడే పేరు జంపన చంద్రశేఖరరావుగారిది. “కొవ్వలి, జంపన” అని జంటగా అనడం మన తాతల నాటి అలవాటు. ఎక్కువసార్లు పెదవి విరుస్తూనే. జంపన తరువాత సినిమాలకు పోయి 1960లో “భట్టి విక్రమార్క”కు దర్శకత్వం వహించారు. కలంతో బ్రతకలేని కథకుడు మద్రాసు రైలెక్కడం అప్పటికే ఆనవాయితీ అయింది.

కాయదాకా ఆగగలిగిన జానపద నవలా రచయిత ఎవరూ లేరా అంటే, ఒకరున్నారు, కాని తెలుగుదేశంలో కాదు. కాశీలో దేవకీనందన్ ఖత్రీ అడవుల గుత్తలు చేసేవాడు. ఆ అడవులూ పాడుబడిన కోటలూ తిరిగిన అనుభవంతో 1888లో “చంద్రకాంత” వ్రాయడం మొదలుపెట్టాడు. మాయాభవనాలు, వేషాలు మార్చే గూఢచారులు, చిక్కుదారులు. అది చదవడం కోసమే హిందీ అక్షరాలు నేర్చుకున్నవారున్నారని హిందీ సాహిత్య చరిత్రలన్నీ చెబుతాయి. 1898లో ఆయన లహరీ ప్రెస్ అని సొంత ముద్రణాలయం పెట్టుకున్నాడు. స్వతంత్ర రచయిత అన్న మాటకు అర్థం అక్కడ వున్నది. అచ్చుయంత్రం తనది, పుస్తకం తనది, లాభం తనది. మన కొవ్వలికి వున్నది కలం ఒక్కటే. రాజమండ్రిలో, బెజవాడలో అచ్చుయంత్రాలూ కాగితమూ దుకాణాలూ ప్రచురణకర్తలవి. ప్రతిభలో ఎవరు ఎక్కువ అన్నది వేరే చర్చ.

ఇప్పుడు రెండో రకం జీవితం చూద్దాం. కొవ్వలికి పేరుంది, భద్రత లేదు. భద్రత వుండి పేరు లేని రచయిత దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆయన కథ చెప్పాలంటే తెనాలితో మొదలుపెట్టాలి.

1943లో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది తెనాలిలో. ఆ వూరివారే చక్రపాణి. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి మద్రాసులో “చందమామ” పెట్టారు. ఆ వూరివారే కొడవటిగంటి కుటుంబరావు. 1952నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను నడిపారు. ఆ ప్రాంతంవారే దాసరి. 1952లో చందమామలో చేరి, అర్ధశతాబ్దం పైన అక్కడే పనిచేసి, 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. అంటే అభ్యుదయ సాహిత్యం జెండా ఎగిరిన నేల మీదనే మాయకథల కార్ఖానాకు కావలసిన మనుషులు కూడా తయారయ్యారు. పైగా కుటుంబరావు మార్క్సిస్టు, దాసరి హేతువాది. దయ్యాన్ని నమ్మని ఇద్దరు మనుషులు ఒకే కార్యాలయంలో కూర్చుని ఒకరు బేతాళ కథలు దిద్దుతూ, ఒకరు మాంత్రికులను సృష్టిస్తూ జీవితం గడిపారు. దీన్ని మనం వైరుధ్యమని సరిపెట్టుకున్నాం. నేను అలా అనుకోను; ఎందుకో తరువాత చెబుతాను.

1954లో “తోకచుక్క”తో మొదలై 1978లో “భల్లూక మాంత్రికుడు”తో ముగిసిన పన్నెండు సీరియల్సు దాసరివి. “మకరదేవత”, “ముగ్గురు మాంత్రికులు”, “కంచుకోట”, “జ్వాలాద్వీపం”, “రాకాసిలోయ”, “పాతాళదుర్గం”, “శిథిలాలయం”, “రాతిరథం”, “యక్షపర్వతం”, “మాయాసరోవరం” – ఈ పేర్లు తెలియని మధ్యవయసు తెలుగువాడు అరుదు. ఈ పేర్ల కింద రచయిత పేరు మాత్రం ఎన్నడూ పడలేదు. పత్రికలో పనిచేసేవారి పేర్లు వేయకపోవడం అక్కడి పద్ధతి. కథలు హిందీకీ, తమిళానికీ, కన్నడానికీ, ఇంకా అనేక భాషలకూ పోయాయి. ఇరవైనాలుగేళ్లపాటు దేశంలో సగం పిల్లలు ఒక మనిషి వూహలో తిరిగారు. ఆ మనిషి ఎవరో వారికి తెలియదు. తెలిసింది ఎప్పుడంటే, ఆ పిల్లలు పెద్దవారై, కంప్యూటర్లు వచ్చి, పాత సంచికలు పోగుచేసుకుంటూ ఒకరినొకరు అడుగుకున్నప్పుడు.

ఆయన పని ఎటువంటిదో కొంచెం వివరంగా చూడాలి. నెలకు కొన్ని పేజీలు. అందులో మొదట జరిగిన కథ నాలుగు మాటల్లో చెప్పాలి, ఎందుకంటే కిందటి నెల పుస్తకం ఎవరో పట్టుకుపోయి వుంటారు. తరువాత కథ నడవాలి. చివర ఎవరో ఒకరు ప్రమాదంలో పడాలి. “ఇంకా వుంది” అన్న మాట కింద పిల్లవాడు నెలరోజులు కాచుకోవాలి. చిత్రకారుడు “చిత్ర” బొమ్మ వేయడానికి వీలైన సంఘటనలు వుండాలి. ఆ రాక్షసులూ శిథిలాలూ ఇద్దరి సృష్టి, ఎవరిదెంతో విడదీయలేము. మాటలు తేలికగా వుండాలి, ఇతర భాషల్లోకి ఇబ్బంది లేకుండా పోవాలి. మొదటి భాగం అచ్చయ్యేనాటికి చివరి భాగం రచయితకు కూడా తెలిసి వుండకపోవచ్చు. నవల వ్రాసేవాడు వెనక్కు పోయి మొదటి అధ్యాయం దిద్దుకోగలడు. సీరియల్ వ్రాసేవాడికి ఆ వసతి లేదు. కిందటి ఏడు నదిలో పడవేసిన కత్తి ఈ ఏడు కావలసివస్తే దాన్ని ఏ చేప కడుపులోనుంచో బయటికి తీయవలసిందే. రెండేసి సంవత్సరాలు సాగే కథలను ఇలా నడపడం చేతకానివాడి పని కాదు.

ఇక ఆ కథల లోపలి సంగతి. “ముగ్గురు మాంత్రికులు” నాయకుడు పింగళుడు వల వేసి చేపలు పట్టుకుని తల్లిని పోషించేవాడు. అరేబియన్ రాత్రులలోని జూదర్ కథ నీడ దాని మీద స్పష్టంగా వున్నది. అయినా వలలో చేప పడని నాటి ఆకలి మనదే. “శిథిలాలయం”లో క్షత్రియ యువకుడు విక్రమకేసరి పక్కన అడవిజాతి యువకుడు శిఖిముఖి సమానంగా నడుస్తాడు. “తోకచుక్క”లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు ఒకరి మీద ఒకరు ఎత్తులు వేసుకుంటారు. దాసరి మాంత్రికులకు శక్తి వుంటుందిగాని, ఆ శక్తి వెనక దురాశ వుంటుంది, దురాశ వెనక భయం వుంటుంది. నాయకులను దేవుడు దిగివచ్చి కాపాడటం అరుదు. ఇద్దరు మిత్రులు ధైర్యంతో, యుక్తితో, ఒకరికొకరు నిలబడి గట్టెక్కుతారు. హేతువాది ఇంతకంటే భిన్నంగా ఎలా వ్రాస్తాడు? నమ్మకాన్ని పెంచే మాయ వేరు, వూహను పెంచే మాయ వేరు. పూజకు పిలిచే మాంత్రికుడు ఆ కథల్లో నాకు కనబడలేదు.

రాజులూ రాజకుమార్తెలూ, సింహాసనం దక్కడంతో కథ ముగియడం – వీటిని మనం విమర్శించాము. అది తప్పు కాదు. కొవ్వలి నవలల్లో హడావుడి వుంది, చేసిన పనే మళ్లీ చేయడం వుంది. దాసరి సీరియల్సులో స్త్రీలకు పని తక్కువ. ఇవి చెప్పవలసిన మాటలే. కాని పలాయనవాదమన్న ఒక్క మాటతో మొత్తాన్ని తోసివేసినప్పుడు మనం పాఠకుణ్ణి కూడా తోసివేశాము.

ఆ పాఠకుణ్ణి నేను ఎరుగుదును. నా చిన్నతనంలో మా వూరి తోటలో ఒక కావలివాడుండేవాడు. కాపు కాలం మూడునెలలూ గుడిసెలోనే కాపురం. అతనికి చదువు రాదు. రాత్రిపూట లాంతరు దగ్గర మాచేత చదివించుకునేవాడు. చందమామ వస్తే చందమామ, లేకపోతే మధిర సుబ్బన్న దీక్షితులవారి “కాశీమజిలీ కథలు” అట్టలూడిన సంపుటం ఒకటి. “పాతాళభైరవి” సినిమా అతను ఎన్నిసార్లు చూశాడో అతనికే లెక్క లేదు. 1951 నాటి ఆ సినిమాలో పింగళి నాగేంద్రరావుగారు సృష్టించిన తోటరాముడు తోటమాలి కొడుకు. ఆ మాట వచ్చినప్పుడల్లా అతను మా వైపు ఒక చూపు చూసేవాడు. తాను కాసే చెట్టు కాయ తాను తెంపితే దొంగతనమయ్యే మనిషి అతను. రాకుమారి తోటమాలి కొడుక్కు దక్కడం అతనికి నిద్రమందు అని ఎవరైనా అంటే నేను వాదించను. కాని మర్నాడు గుత్తేదారు ముందు నిలబడి కూలి దగ్గర గొడవపడింది కూడా ఆ మనిషే. ఈ రెంటికీ సంబంధం వున్నదని రుజువు చేయలేను. లేదని ఎవరూ రుజువు చేయలేదు.

చందమామలోనే ఒక ముచ్చట జరిగిందని లోపలి సంగతులు తెలిసినవారు వ్రాశారు. చక్రపాణిగారికి ఈ మాంత్రికుల సీరియల్సు అంతగా నచ్చేవి కావట. మధ్యలో వాటిని ఆపి, బంకించంద్రుని “దుర్గేశనందిని” వంటి గౌరవమైన నవలలు వేయించారు. పత్రిక అమ్మకం పడిపోయింది. మళ్లీ దాసరిని వ్రాయమన్నారు. యజమానికి ఇష్టం లేని సరుకు, పాఠకులు అడిగి తెప్పించుకున్న సరుకు. తయారుచేసిన పనివాడి పేరు మాత్రం పేటిక మీద లేదు. పాఠకులు ఎవరికోసం పట్టుబట్టారో వారికే తెలియకుండా పట్టుబట్టారు. సాహిత్య చరిత్రలో ఇటువంటి విజయం ఇంకొకటి వుంటుందనుకోను.

1978 తరువాత ఆయనచేత కొత్త సీరియల్ వ్రాయించలేదు. తరువాతి కాలంలో పాతవాటినే తిరిగి వేశారు. మరొకచోట, “బొమ్మరిల్లు”లో, ఆయన “మృత్యులోయ” వచ్చింది. 2007లో చందమామ జియోడెసిక్ అనే బొంబాయి కంపెనీ చేతిలోకి పోయింది. కొన్నేళ్లకు ఆ కంపెనీయే చిక్కుల్లో పడింది, 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. కుటుంబరావు దిద్దిన ప్రతి కథా, దాసరి పన్నెండు సీరియల్సూ ఆ చేతులు మారిన ఆస్తి జాబితాలో యంత్రాలతోపాటు వున్నవి. పాఠకులు పాత సంచికలను ఫొటోలు తీసి పంచుకోకపోతే ఈనాడు చదువుకోవడానికి చాలామందికి అవి దొరికేవి కావు. చట్టం ప్రకారం అది తప్పు. అసలు రచయిత పేరు ఈ తప్పుచేసినవారివల్లనే బయటపడింది.

పూత మీద అమ్మడం ఎలా వుంటుందో నాకూ కొంచెం తెలుసు. 1970 దశకం చివర, అద్దె పుస్తకాల కొట్లు ప్రతి వూరిలో వెలసినకాలంలో, మధుబాబు వంటివారి జానపద నవలలు చేతులు మారి మారి అట్టలు చిరిగేకాలంలో, జీతం చాలని పంతులుగా నేనూ ఒక జానపద నవల వ్రాశాను. ప్రచురణకర్త ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఆయన ఒప్పందం నోటిమాటే: ఎనిమిది ఫారాలు, అంటే నూట ఇరవై ఎనిమిది పేజీలు, హక్కులన్నీ ఆయనవి, డబ్బు ఒక్కసారి. నేను వ్రాసింది తొమ్మిది ఫారాలైంది. పుస్తకం అచ్చై వచ్చాక చూస్తే, నా మాంత్రికుడు నూట ఇరవై ఏడో పేజీలో నిక్షేపంగా వున్నాడు, నూట ఇరవై ఎనిమిదో పేజీలో నాలుగు వాక్యాలలో చచ్చిపోయాడు. ఆ నాలుగు వాక్యాలూ నావి కావు. అడిగితే, కాగితం ధర మీకు తెలియదు మాష్టారూ అన్నాడు. నిజానికి తెలియదు. అట్ట మీద వున్నది నా పేరూ కాదు. ఆ డబ్బుతో ఇంటి పైకప్పుకు పెంకు నేయించాను. ఇన్నేళ్లకు ఇది చెప్పడం ఫిర్యాదుకు కాదు. కొవ్వలిని వేళాకోళం చేసిన సభల్లో నేనూ కూర్చుని నవ్వినవాణ్ణి కనుక చెబుతున్నాను.

ఇప్పుడు కాలం మారిందంటున్నారు. అచ్చుయంత్రం అక్కరలేదు, ఫోనుంటే చాలు. 2014లో మొదలైన ప్రతిలిపి వంటి చోట్ల తెలుగులో మాంత్రికుల కథలు, ఇతర లోకాల కథలు అధ్యాయాలుగా వస్తున్నాయి. కొందరు తమ పుస్తకాలు తామే అడిగినన్ని ప్రతులు అచ్చువేయించుకుంటున్నారు. రచయిత పేరు పడుతున్నది. ఇది చిన్న మార్పు కాదు; దాసరికి యాభయ్యేళ్లలో దక్కనిది ఈనాటి ఇంటరు విద్యార్థికి మొదటి రోజునే దక్కుతున్నది. అయితే ఎవరి కథ ముందు కనబడాలి, ఏ అధ్యాయానికి డబ్బు వస్తుంది అన్నవి ఇంకా రచయిత చేతిలో లేవు. ప్రతిరోజూ ఒక భాగం పెట్టకపోతే పాఠకులు జారిపోతారు కనుక, నెలకు రెండు నవలల కొవ్వలి లెక్క ఇక్కడ రోజుకో అధ్యాయమైంది.

మా వూరి కుర్రవాడొకడు, నా పాత విద్యార్థి కొడుకు, జంక్షనులో మందుల కొట్టులో పనిచేస్తూ రాత్రిళ్లు అటువంటి నవల వ్రాస్తున్నాడు. కొల్లేటి అడుగున ఒక నగరమట. అందులో నీటిని అద్దెకిచ్చే రాజు. బాగుంది. కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చి, ఒక ఆడియో కంపెనీవారు పంపిన ఒప్పందం చదివిపెట్టమన్నాడు. పదమూడు పేజీలు, అంతా ఇంగ్లీషు. ఇద్దరం చావడిలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం నుంచి చదివాం. శాశ్వతంగా, అన్ని భాషలలోనూ, ఇప్పుడున్న సాధనాలలోనూ ఇకముందు కనిపెట్టబోయే సాధనాలలోనూ అన్న మాటలు తొమ్మిదో పేజీలో వున్నాయి. వాడు ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుని, “అంటే తోట పూత మీద వున్నప్పుడే అడుగుతున్నారన్నమాట తాతగారూ” అన్నాడు. సంతకం పెట్టాలా వద్దా అని మాత్రం నన్ను అడగలేదు. ఆ రాత్రి వాడు పెట్టవలసిన అధ్యాయం ఇంకా పూర్తికాలేదని, దీపాలు పెట్టేవేళకు లేచి వెళ్లిపోయాడు.